గోరుకప్ప కోసం ప్రార్థన

పోయిన నెల హనుమకొండలో మా కాలనీ వాకర్ల సంఘం వాళ్ళు పర్యావరణం మీద సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఇంటి నుంచి పార్కు దాకా కార్లలో వచ్చి, పార్కులో నడిచి, మళ్ళీ కార్లలో ఇంటికి పోయే సంఘం అది. పర్యావరణం మీద వాళ్ళకి చాలా ప్రేమ. నేను రిటైరైన తెలుగు టీచర్ని, పైగా చిన్నప్పుడు కప్పల్ని గొంతుల్ని బట్టి గుర్తుపట్టేదాన్నని ఎప్పుడో ఎవరితోనో గొప్పలు చెప్పుకున్నాను. అందుకని ‘మాయమైన కప్పలు’ అనే అంశం నాకిచ్చారు. నేనూ తగ్గలేదు. మా చిన్నతనంలో వానపడితే కుంటలో ఎన్ని రకాల గొంతులు వినిపించేవో, వాటిలో గోరుకప్ప అనే చిన్న ప్రాణి ఎట్లా పాడేదో, ఈ తరం దాన్నెట్లా పొట్టన పెట్టుకుందో చెప్పాను. ‘గోరుకప్పను చంపింది మనమే’ అన్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది. చప్పట్లు గట్టిగా పడ్డాయి. గోరుకప్ప బతికుంటే అన్ని చప్పట్లు వచ్చేవి కావు.

ఇంటికి వస్తుంటే ఆటోలో డిగ్రీ చదువుతూ మా ఇంట్లోనే ఉండే నా మనవరాలు జెస్సీ ‘మస్తు మాట్లాడినవ్ నానమ్మా’ అంది. ఆ వెంటనే ‘గోరుకప్ప నిజంగనే పోయిందా?’ అని అడిగింది. పోయింది బిడ్డా, ఎన్నేళ్ళయిందో దాని గొంతు విని, అన్నాను. జెస్సీ ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. అట్లా ముఖం తిప్పుకోవడం నాకెక్కడో తెలిసినదే. ఎక్కడిదో గుర్తుకు రావడానికి ఒక వాన పట్టింది. అది చెప్పాలంటే ముందు మా తాత గురించి చెప్పాలి.

మా ఊరు నెక్కొండ పక్కనే. రైలు స్టేషన్లో ఆగితే ఇంజను ఊపిరి మా ఇంట్లోకి వినిపించేది. ఊరి చివర మా చర్చి, చర్చి వెనక ఒక కుంట, కుంట గట్టును ఆనుకొని మా ఇల్లు. మా తాత మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు కాబట్టి ఊరంతా ఆయన్ని సారు అనేది. నాయనమ్మ కూడా కోపమొస్తే సారు అనే పిలిచేది. బడి వదిలినా తాత వదలనిది చర్చి క్వయర్. హార్మోనియం ఆయనదే, కర్ర ఆయనదే, ఎవరు పాడాలో ఎవరు ఊరికే నోరు ఆడించాలో చెప్పే అధికారమూ ఆయనదే. శ్రుతి తప్పినవాళ్ళని ఆయన సాతాను కన్నా తక్కువగా ఏమీ చూడలేదు. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే చాలు, జన్మలో మరిచిపోయేవాడు కాదు. గోడ అవతల తుమ్మినవాళ్ళని కూడా పేరు పెట్టి దీవించేవాడు.

పొద్దుగూకే వేళ మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాయనమ్మ కందీలు గాజును పొయ్యి బూడిదతో తుడిచి వెలిగించేది. దోమలు పోవడానికి చిప్పలో నిప్పులేసి వేపాకు పొగ పెట్టేది. ఆ పొగకు దోమలు మాత్రం పోయేవి కావు, మేమే దగ్గుకుంటూ అరుగు మీదికి పోయేవాళ్ళం. లోపలి నుంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన, బయట నుంచి తడిసిన బర్రె వాసన, మధ్యలో మేము. తాత నులకమంచం మీద బనీనుతో కూర్చునేవాడు, నేను ఆయన కాళ్ళ దగ్గర. అప్పుడు కుంటలో కచేరీ మొదలయ్యేది. వేరే ఇళ్ళల్లో పిల్లలకి ఆ వేళ ఎక్కాలు చెప్పించేవారు, మా ఇంట్లో కప్పలు చెప్పించేవారు.

‘కండ్లు మూసుకో. ఏలు మోకాలు మీద పెట్టు. అది ఒర్రినప్పుడల్లా కొట్టు’ అనేవాడు తాత. క్వయర్లో కూడా ఆయనది ఇదే పద్ధతి. పాట వస్తుందని చెప్పినవాళ్ళ మాట నమ్మేవాడు కాదు, మోకాలి మీద వేలు చూసేవాడు. ‘నోరు అబద్ధం చెప్తది బిడ్డా. ఏలు చెప్పది.’ అట్లా వేలు కొట్టీ కొట్టీ నాకు కప్పలు వచ్చాయి. మొదటి పెద్దవానకి పసుపు పూసుకున్నట్టు పచ్చబడి, గొంతుకు అటూ ఇటూ నీలంగా ఉబ్బించి, బోం బోం అనేది బోదురుకప్ప. తాత దాన్ని సంఘపెద్ద అనేవాడు, ఎందుకంటే దానికి మాట తక్కువ, మోత ఎక్కువ. ఒళ్ళంతా బుడిపెలతో గోడ మూలల్లో తిరిగే గరుకు కప్ప కుర్ర్ర్ మని ఆపకుండా లాగేది. అది కుట్టుమిషను లాగుంది అని నేనంటే, లోపలి నుంచి నాయనమ్మ ‘గది మీ తాత గురక లెక్కనే ఉంటది’ అనేది. నీళ్ళ మీద తేలుతూ, మనిషి అలికిడైతే నీటి మీదే ఎగురుకుంటూ పారిపోయే కప్ప చకచకచక వాదించేది. దాన్ని తాత నాయనమ్మ పేరుతోనే పిలిచి బాకీ తీర్చుకునేవాడు. స్నానాల తడకకు అంటుకొని ఉండే గోధుమరంగు చెట్టుకప్ప, వడ్లాయన చెక్కను కొట్టినట్టు టక్, టక్, కాసేపాగి మళ్ళీ టక్ మనేది.

వీటన్నిటి మీద గోరుకప్ప. ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు, మా తాత పెట్టాడు. బొటనవేలి గోరు మీద కూర్చుంటే ఇంకా చోటు మిగులుతుంది, అంత చిన్నది. గొంతు మాత్రం దాని ఒళ్ళు చూసి ఎవరూ నమ్మలేనిది. దువ్వెన పళ్ళ మీద గోరుతో గీసినట్టు ట్రిర్ర్, ట్రిర్ర్, ట్రిర్ర్ అని సన్నగా, పదునుగా, గట్టు గడ్డిలోంచి. తెలియనివాళ్ళు దాన్ని కీచురాయి అనుకునేవారు. అట్లా అనుకున్నవాళ్ళ మీద తాతకి చెప్పలేని జాలి. ‘కీచురాయికి, గోరుకప్పకు ఫరక్ తెల్వనోడు కీర్తన పాడితే దేవుడు చెవులు మూసుకుంటడు’ అనేవాడు. క్వయర్లో చేరడానికి వచ్చినవాళ్ళని మొదట మా అరుగు మీద కూర్చోబెట్టి కుంట వైపు చూపించేవాడు. గోరుకప్ప దగ్గర తప్పితే వెనక వరస. మా చర్చిలో వెనక వరసే ఎప్పుడూ పెద్దది.

వానలు లేటైతే ఊళ్ళో రైతుల పిల్లలు కప్పతల్లి ఆడేవాళ్ళు. రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో గుడ్డలో కప్పను పెట్టి, భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు పోయాలి. మేము క్రైస్తవులం, మాకు అది లేదు. అయినా నాయనమ్మ చర్చి పాస్టరు అయ్యగారింటి వైపు ఒక కన్నేసి, ఎవరూ చూడటం లేదనుకున్నాక ఒక చెంబెడు పోసేది. ‘పోస్తే ఏమైతది, కప్పకు మతమున్నదా’ అనేది. తాత మాత్రం వచ్చి గుడ్డ విప్పి చూసి, ‘మీరు కట్టింది గోడమూల కప్ప. గిది వానొచ్చినంక ఒర్రేది, వానను తెచ్చేది కాదు. బోదురుకప్పను తీస్కరాండ్రి’ అని వాళ్ళని తిప్పి పంపేవాడు. ఒకసారి నిజంగానే కప్ప మార్చుకొచ్చారు. ఆ రాత్రే వాన పడింది. ఆ తర్వాత తాతను పట్టడానికి పగ్గాలు లేవు.

అట్లాంటి తాత ఒక ఏడు తొలివానకి అరుగు మీద కూర్చుని, కండ్లు మూసుకుని, కాసేపటికి తెరిచి, ‘గోరుకప్ప రాలే’ అన్నాడు. నేను నవ్వాను. అది గట్టు మీద చెవులు కోసుకుపోయేటట్టు పాడుతోంది. ‘వచ్చింది తాతా, గదిగో...’ అనబోతుంటే లోపలి నుంచి నాయనమ్మ ‘ఓ రూతూ, జర ఇటురా’ అని పిలిచింది. వంటింట్లోకి పోతే నా మూతి మీద పిండి చెయ్యి పెట్టింది. ‘రాలేదనే చెప్పు’ అంది.

‘వచ్చిందవ్వా! ఒర్లుతాంది!’

‘నాకు వినవస్తలేదా ఏంది? మీ తాతకే వినవస్తలేదు. మొన్న నేను పళ్ళెం కింద పడేస్తె కూడా ఇటు తిరగలే. పట్నంకెళ్ళి వచ్చిన ఆ కొత్తయ్యగారు క్వయర్ను మీ తాత చేతులకెళ్ళి గుంజుకోవాలని చూస్తాండు. కీబోర్డు పెడ్తడట. సారుకు చెవులు పోయినయని తెలిసిందో, ఇగ హార్మోనియం మూలకే. హార్మోనియం మూలకు పోతె మీ తాత మంచం ఎక్కుతడు. సమజైందా?’

సమజైంది. తాతకి క్వయర్ అంటే ఏమిటో ఆ ఇంట్లో నాకు కూడా తెలుసు. బయటికి పోయి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, ‘అవు తాతా, రాలే. అస్సల్ రాలే’ అన్నాను.

అబద్ధం ఒక్కసారి ఇంట్లోకి వస్తే తనకు కావలసినవన్నీ తనే తెచ్చుకుంటుంది. గోరుకప్ప రాలేదంటే ఎందుకు రాలేదో కావాలి. తాత ఆలోచించి, యూరియా అన్నాడు. చేలల్లో కొత్తగా చల్లుతున్న యూరియా కుంటలోకి దిగి, చిన్న ప్రాణం కాబట్టి ముందు గోరుకప్పను పట్టుకుందట. రైతులకి ఇది నచ్చింది. ఎందుకంటే యూరియా సరిగ్గా దొరకని ఏడు అది, దొరకనిదాన్ని తిట్టుకుంటే మనసు తేలికవుతుంది. కొందరు మైకు వల్ల అన్నారు. కరెంటు స్తంభాల వల్ల అని పోస్టుమాను. ఎడ్లు మానేసి ట్రాక్టరు కొన్న మా ఎదురింటాయనే దానికి కారణమని ఆయనతో గట్టు తగాదా ఉన్న పక్కింటాయన. ఊరంతా గోరుకప్ప పోయినందుకు బాధపడుతుంటే, అది మాత్రం ప్రతి సాయంత్రం వాళ్ళ మాటల మీద నుంచే పాడుకుంటూ ఉండేది. అది గోరుకప్ప అని మా అరుగు మీద పాసైన ముందు వరస వాళ్ళకి తెలుసు. కానీ వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టింది తాతే కదా.

ఇది ఇంట్లో ఉంటే బాగుండేది. ఒక ఆదివారం సాయంత్రం ఆరాధనలో అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు కడుపునొప్పి చెప్పారు, ఒకరు కొడుకు పరీక్ష చెప్పారు. తాత లేచి నిలబడి, ‘దేవుడు చేసిన గోరుకప్ప మన ఊరిని విడిచిపోయింది. అది తిరిగి వచ్చేటట్టు సంఘం ప్రార్థన చెయ్యాలె’ అన్నాడు. అయ్యగారు బిత్తరపోయారు. కానీ సారు మనవి, కాదనలేరు. సంఘపెద్ద మోకాళ్ళ మీద కూలబడి మొదలుపెట్టాడు. నోవహు ఓడలో ఎక్కించుకున్న ప్రాణుల దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ‘ప్రభువా, ఆ చిన్న ప్రాణాన్ని మాకు తిరిగి దయచేయుము’ అన్నాడు. కిటికీ బయట, ఆయన చేతికి అందేంత దూరంలో, ట్రిర్ర్ మంది. ‘దాని స్వరమును మా చెవులకు మరల వినిపించుము.’ ట్రిర్ర్, ట్రిర్ర్. ఇంత త్వరగా నెరవేరిన ప్రార్థన నేను మళ్ళీ చూడలేదు. కానీ ఆమెన్ అన్నవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వణుకుతోంది, ఆత్మ దిగిందనుకుని పక్కావిడ ఆమె వీపు నిమిరింది. నాకు నవ్వు రాలేదు. కండ్లు మూసుకుని, చేతులు జోడించి, అంత దగ్గరి పాట వినబడక దేవుణ్ణి బతిమాలుతున్న తాత ముఖం నాకు ఎదురుగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అయ్యగారు మాత్రం అమాయకుడు కాదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన వెలిసాక మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నాయనమ్మ మక్కగారెలు పెట్టింది. రెండు తిన్నాక, ‘సారూ, మీ కప్పల విద్య గురించి అందరూ చెప్తాండ్రు, నాకు కూడా జర నేర్పుండ్రి’ అన్నారు. తాత పొంగిపోయాడు. బోదురుకప్పను చూపించాడు, కుట్టుమిషను కప్పను చూపించాడు, నాయనమ్మ కప్పను చూపించాడు. అన్నీ సరిపోయాయి, అవన్నీ లావు గొంతులు. అయ్యగారు మూతి తుడుచుకుని, గట్టు వైపు వేలు పెట్టి, మెల్లగా అడిగారు. ‘మరి ఆ సన్నగ గీకినట్టు ఒర్లేదేంది సారూ?’

తాత అటు చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి. ఆయనకి ఏమీ వినబడటం లేదు. నోరు కొంచెం తెరుచుకుంది. అంత పెద్ద మనిషి బడిలో పాఠం రాని పిల్లాడి లాగా అయిపోవడం నేను మొదటిసారి చూశాను. లోపల గారెలు వేసే చప్పుడు ఆగిపోయింది.

‘గది కీచురాయి అయ్యగారూ’ అన్నాను నేను. ‘గంత తెల్వదా?’

తాత పకపకా నవ్వాడు. ‘కీచురాయికి, కప్పకు ఫరక్ తెల్వదు! పట్నం చదువు! అయ్యగారూ, మిమ్మల్ని ఎనక వరసల కూడ కూసోపెట్ట!’ అన్నాడు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. గారెలు సగంలోనే వదిలి, పనుందని లేచి పోయారు. కీబోర్డు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మా సంఘం శ్రుతి ఏటేటా కొంచెం కొంచెం కిందికి దిగింది. తాతతో పాటు అందరూ దిగారు కాబట్టి బయటి ఊరివాళ్ళు పెళ్ళికొచ్చి ముఖాలు చూసుకున్నప్పుడు తప్ప ఎవరికీ తెలియలేదు. తాత పోయేదాకా క్వయర్ ఆయనదే.

ఆ సాయంత్రం అయ్యగారు పోయాక ఒకటి జరిగింది. అప్పుడు నేను లెక్క చేయలేదు. తాత నవ్వు ఆపి నా మోకాలి వైపు చూశాడు. కాసేపు చూసి, తన అరచేతిని నా చేతి మీద పెట్టి గట్టిగా అదిమాడు. ‘యూరియా బిడ్డా. అంతా యూరియా’ అన్నాడు. కుదురుగా కూర్చోమంటున్నాడేమో అనుకున్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో కుంట లేదు. ఉన్నప్పుడు దానికి పేరు లేదు, కుంట అనే అనేవాళ్ళం. పూడ్చి ప్లాట్లు చేశాక లేక్ వ్యూ అని పేరొచ్చింది. చర్చిలో కీబోర్డుంది, దానిలో ఒక బటన్ నొక్కితే డోలక్, ఒకటి నొక్కితే వానచప్పుడు. కప్ప గొంతు వినిపిస్తే పేరు చెప్పే యాప్ జెస్సీ ఫోన్లో ఉంది, ఆ యాప్‌కి మోకాలు లేదు. మేమే బాగా బతికామని నేను సభల్లో చెప్తుంటాను. చెప్పాను కదా, శాలువాలు ఊరికే రావు. ఆ కాలంలో దోమలకి నిద్రపట్టక ఏడ్చిన సంగతి, కందీలు వెలుతురులో జొన్నరొట్టెతో పాటు ఏ పురుగు తిన్నామో తెలియని సంగతి మాత్రం సభల్లో చెప్పను.

మొన్న వాన పడింది. మా అపార్ట్‌మెంటు పక్కన కట్టకుండా వదిలేసిన ఖాళీ జాగా ఉంది, నీళ్ళు నిండాయి. దీపాలు పెట్టే వేళ బాల్కనీలో నేనూ జెస్సీ కూర్చున్నాం. దాని చిన్నప్పటి నుంచి వానకాలంలో సెలవులొస్తే తాత పద్ధతిలోనే దానికి కప్పలు నేర్పాను, కండ్లు మూసి, వేలు మోకాలి మీద. బోదురుకప్ప మోగుతోంది. కుట్టుమిషను కప్ప లాగుతోంది. ‘వింటివా బిడ్డా, అన్నీ ఉన్నయి, గోరుకప్పే లేదు. వచ్చే వారం కాజీపేటల ఇంకో మీటింగు పెట్టిండ్రు, గిదే చెప్పాలె’ అన్నాను. ‘నీకేమన్న వినవస్తాందా?’

‘లేదు నానమ్మా. అస్సల్ లేదు’ అంది జెస్సీ, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని.

నేను ఆమె ముఖం చూడలేదు. మోకాలు చూశాను. చూపుడువేలు దానంతటదే లేస్తోంది, పడుతోంది. బోదురుకప్ప తాళం కాదు అది, దానికన్నా చాలా వడి. చిన్నగా, సన్నగా, ఆగి, మళ్ళీ వడిగా. ఆ తాళం నా ఒంటికి తెలుసు. నేను ఊపిరి బిగపట్టి గడ్డి వైపు చెవి పెట్టాను. అక్కడ నాకు వానాగిన నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు.

అప్పుడు తాత అరచెయ్యి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కీచురాయి అని నా నోరు చెప్తున్నప్పుడు నా వేలు ఏం చేస్తూ ఉందో, ఆయన దేన్ని అదిమి పట్టాడో ఇన్నేళ్ళకి తెలిసింది. జెస్సీ చేతి మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాను. పాడుకోనీ.

‘అంతా ఈ వెంచర్లోల్ల వల్లనే బిడ్డా’ అన్నాను.

‘అవు నానమ్మా’ అంది జెస్సీ. వేలు మాత్రం ఆగలేదు.